సోమవారం చెప్పేస్తాను

ఆగస్టు 20, ఆదివారం

పూజకు వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నిన్న ఫైర్ స్టేషన్ వాళ్ళు పెట్టిన పీతల విందులో ఉన్న జనంలో సగం మంది ఇవాళ చర్చిలో ఉంటారు.

తాగింది రెండు బీర్లు. పీతలు కారం, పైన మండే ఎండ, బీరు కాక ఇంకేం తాగుతారు ఎవరైనా? బల్లల మీద కాగితాలు పరుచుకుని, చెక్క సుత్తులతో పెంకులు పగలగొడుతూ మధ్యాహ్నమంతా కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా బయల్దేరాను. వంతెన దాటగానే వెనక పోలీసు దీపాలు. గీత మీద నడవమన్నాడు. నడిచాను. నడిచాననే అనుకున్నాను. గొట్టంలో ఊదమంటే ఊదాను. చేతులకు సంకెళ్ళు వేశాడు. నలభై తొమ్మిదేళ్ళ దాన్ని, నడిరోడ్డు మీద నిలబెట్టి. పక్కనుంచి వెళ్ళే కార్లన్నీ నేనెరిగినవే.

తాగనివాళ్ళెవరైనా వచ్చి పూచీ పడితే ఇంటికి పంపుతామన్నారు. కూతురికే ఫోన్ చేశాను. ఇంట్లో దానికి నేనూ నాకు అదీ తప్ప ఎవరున్నారు? షెల్బీ వచ్చింది. ఆ పోలీసు కుర్రాడు దాన్ని చూసి, "ఓహో, షెల్బీ! మా చెల్లీ నువ్వూ ఒకే క్లాసు కదూ? ఈవిడ మీ అమ్మగారా?" అన్నాడు.

"అవును. మా అమ్మే." నేల చూస్తూ అంది.

దారిలో "బెల్టు పెట్టుకోమ్మా" అన్న మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

ఆఫీసులో చెప్పాలి. నౌకాదళ విమానాల పరీక్షల గదిలో కూర్చునేవాళ్ళం, రహస్య కాగితాలు చూడ్డానికి ప్రభుత్వం ఇచ్చే క్లియరెన్స్ ఉన్నవాళ్ళం, పోలీసులు పట్టుకుంటే మా అంతట మేమే వెళ్ళి చెప్పుకోవాలి. అది నియమం. భద్రత చూసే పిల్కర్టన్ గారి గది నా సీటుకు ఎదురుగానే. సోమవారం పొద్దున్నే చెప్పేస్తాను.

ఆగస్టు 21, సోమవారం

సూర్యగ్రహణం. ఆఫీసంతా కార్లు ఆపే చోటికి వచ్చి నిలబడింది. పిల్కర్టన్ గారు అట్ట కళ్ళద్దాలు పంచుతూ చిన్నపిల్లాడిలా తిరిగాడు. "చూడు గ్లెన్నా, అచ్చం ఎవరో కొరికినట్టే ఉంది కదూ!" అన్నాడు. అంత సంబరంలో ఉన్న మనిషికి ఏం చెప్తాం? రేపు.

ఆగస్టు 22

ఆయన మీటింగుల్లో ఉన్నాడు.

ఆగస్టు 24

ఖాళీగానే ఉన్నాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. నాకే తలనొప్పి.

సెప్టెంబరు 3, ఆదివారం

ఎర్ల్ అన్నయ్య గంపెడు పీతలు తెచ్చాడు. మూత తియ్యకుండానే పక్కన పెట్టేశాను. సంగతి చెప్పాను.

"పిచ్చిమొహమా, జడ్జి ముందుకే వెళ్ళకుండా ఊరంతా దండోరా వేసుకుంటావా?" అన్నాడు. "మన దగ్గర మొదటిసారి దొరికినవాళ్ళకి శిక్ష రాయరే. ఏడాదిపాటు బుద్ధిగా ఉండమని వదిలేస్తారు. నన్ను వదల్లేదూ? నేరం రుజువైనట్టు లెక్క కాదు. అసలు జరగనట్టే."

"నీకంటే పడవుంది అన్నయ్యా. నాకున్నది క్లియరెన్సు."

"అందుకేగా చెప్పేది. కోర్టయ్యాక చెప్పడానికి ఏమీ మిగలదు. లేనిదాన్ని ఏమని చెప్తావు?"

అన్నయ్య మాటలో అర్థముంది. చదువు లేకపోయినా లోకం తెలిసినవాడు.

షెల్బీ గిన్నెలు కడుగుతూ అంతా వింది. వెళ్ళేటప్పుడు వాడు దాని జుట్టు నిమరబోతే తల పక్కకు తీసుకుంది.

అక్టోబరు 12, గురువారం

జడ్జి శిక్ష రాయలేదు. అన్నయ్య చెప్పినట్టే అయింది. ఏడాది బుద్ధిగా ఉండాలి, తాగుడు మాన్పించే క్లాసులకు వెళ్ళాలి, అంతే. బయటికి రాగానే ఎర్ల్ "చెప్పానా, లేదా!" అని వీపు చరిచాడు. గుండెల మీంచి బండ దించినట్టుంది. జరగనట్టే.

ఆ సంతోషానికి ఇంటికొచ్చి ఒక్కటి తాగాను. ఇదే ఆఖరు. ఇవాళ్టితో మానేశాను. ఇక్కడ రాసి మరీ చెప్తున్నాను.

అక్టోబరు 20

మానేశాను. ఏమంత కష్టం కాలేదు.

నవంబరు 6, సోమవారం

క్లియరెన్సును కొన్నేళ్ళకోసారి మళ్ళీ పరిశీలిస్తారు, ఇప్పుడు నా వంతు వచ్చింది. కంప్యూటర్లో ప్రశ్నలు, తోడేకొద్దీ ఇంకా ఉన్నాయి. ఎక్కడెక్కడ ఉన్నారు, ఎవరెవరు తెలుసు. చివరికి ఆ ప్రశ్న. పోలీసులు పట్టుకున్నారా, కేసు పెట్టారా, కోర్టు శిక్ష వేయకపోయినా, కొట్టేసినా సరే చెప్పండి, అని ఉంది. మళ్ళీ మళ్ళీ చదివాను. లేచి వెళ్ళి కాఫీ కలుపుకొచ్చి మళ్ళీ చదివాను.

'లేదు' అని పెట్టాను.

శిక్ష వేయకపోయినా అంటే అది పెద్ద పెద్ద కేసుల గురించి అయ్యుంటుంది. నాది అలాంటిది కాదు. జడ్జే వదిలేశాక నేనెవర్ని పట్టుకోవడానికి?

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుందని ఒక్క క్షణం అనిపించింది. పని పడి లేచాను.

నవంబరు 23, థాంక్స్‌గివింగ్

ఎప్పట్లాగే పంది తొడకు గాట్లు పెట్టి, ఆకుకూరా కారమూ కూరి, గుడ్డలో మూటగట్టి ఉడికించాను. అమ్మ చేసినంత బాగా రాదు, అయినా పళ్ళెంలో మిగల్లేదు.

షెల్బీకి మా కంపెనీలోనే ఉద్యోగం ఇస్తామన్నారు. ఇంజినీరు ఉద్యోగం, నాలా లెక్కలు చూసే పని కాదు. క్లియరెన్స్ వస్తేనే చేర్చుకుంటారు. నాన్న పెంపకం లేకుండా, అప్పు చేసి చదువుకున్న పిల్ల. ఎర్ల్ లేచి నిలబడి గ్లాసెత్తాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

పళ్ళేలు తీస్తుంటే వెనకాలే వచ్చింది. "అమ్మా, నీ కాగితాల్లో ఆ సంగతి రాశావు కదూ?"

"రాయడమేంటి, ఎప్పుడో చెప్పేశాను. పిల్కర్టన్ గారికి అన్నీ తెలుసు."

"హమ్మయ్య! నాకెంత బెంగగా ఉందో తెలుసా ఇన్నాళ్ళూ," అని మెడ చుట్టూ చేతులేసి వాటేసుకుంది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. చేతిలో ఉన్నది టీ గ్లాసే.

డిసెంబరు 15, శుక్రవారం

ఆఫీసులో క్రిస్మస్ భోజనాలు. పక్క సీటు డెనిస్ ఎప్పట్లాగే అల్లం సోడా తాగుతోంది. కొత్త కుర్రాడెవడో, "ఒక్క గుక్క వైనైనా తాగరేంటండీ" అని వెంటపడ్డాడు.

"తాగాను నాయనా, తాగాల్సిందంతా ముందే తాగేశాను," అంది డెనిస్ నవ్వుతూ. "కారు తీసుకెళ్ళి కాలవలో దించాను. మర్నాడు పొద్దున్నే వచ్చి పిల్కర్టన్ గారి గదిలో కూర్చుని భోరుమన్నాను. ఆయన కాఫీ ఇచ్చి, మొత్తం రాసుకుని, క్లాసులకు పంపాడు. పోయిందేమీ లేదు. ఇప్పటికీ ఏడాదికోసారి 'ఎలా ఉన్నావు' అని అడుగుతాడు, అంతే."

నా చేతిలో చెంచా ఆగిపోయింది. పోయిందేమీ లేదా? పిల్కర్టన్ గారు ఆ పక్కనే ఉన్నాడు. "తాగి దొరికినవాళ్ళు మన దగ్గర చాలామందే ఉన్నారయ్యా," అన్నాడు ఆ కుర్రాడితో. "అబద్ధమాడి దొరికినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఉండనివ్వరు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ గదిలోకి నడిచి వెళ్ళి ఏడిస్తే సరిపోయేది. ఒక కప్పు కాఫీతో పోయేది.

ఇప్పుడైనా చెప్పొచ్చు. సోమవారం.

డిసెంబరు 18, సోమవారం

చెప్పలేదు.

జనవరి 7, ఆదివారం

ఈ పేజీ రాయాలని లేదు.

రేపు క్లియరెన్సుల సంగతి చూసే విచారణాధికారి మా ఇంటికి వస్తున్నాడు. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం గనక నా గురించి షెల్బీని కూడా అడుగుతాడు. దాన్ని వంటింట్లో కూర్చోబెట్టాను.

"పోలీసుల గొడవేమన్నా ఉందా అని అడుగుతాడు. లేదని చెప్పు."

అది నా మొహంలోకి చూసింది. "పిల్కర్టన్ గారికి చెప్పేశానన్నావు."

నేను బల్ల తుడవడం మొదలుపెట్టాను.

"అమ్మా. నిన్నే. చెప్పేశానన్నావు."

"నా ఉద్యోగం పోతే ఏం తింటాం? ఇంటి కిస్తీ ఎవరు కడతారు? ఒక్క మాటే తల్లీ, లేదను, అయిపోతుంది."

"మరి నా సంగతి? ఆయనే కదా నా కాగితాలూ చూసేది!"

"నీకేమవుతుంది? నువ్వేమన్నా తాగి దొరికావా?" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. కన్నకూతురితో అన్నాను. ఛీ, నా బతుకు చెడ. అది కుర్చీ వెనక్కి తోసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తలుపు దగ్గర నిలబడి పిలిస్తే పలకలేదు. అయినా రేపు చెప్తుంది. దాన్ని నేనెరుగుదును. నన్నెప్పుడూ వదిలెయ్యలేదు అది. ఆ ధైర్యంతోనే అడిగాను, అదీ నా సిగ్గు.

జనవరి 8, సోమవారం

వచ్చాడు. మర్యాదస్తుడు. బూట్లు విప్పాలా అని అడిగాడు. షెల్బీతో ముందు గదిలో కూర్చున్నాడు. నన్ను పక్కకు వెళ్ళమంటే బట్టలుతికే గదిలోకి వెళ్ళాను. మిషన్ ఆపి చెవి గోడకు పెట్టాను.

"తాగుడు వల్ల మీ అమ్మగారు ఎప్పుడైనా పోలీసులతో ఇబ్బంది పడ్డారా?"

కొంచెం ఆగింది. "లేదండీ."

అది ఆగడం గోడ అవతలున్న నాకే వినబడింది. ఎదురుగా కూర్చున్నాయనకు వినబడలేదా?

జనవరి 12

షెల్బీ నాతో మాట్లాడుతోంది. "పాలు అయిపోయాయి." "వర్షం వస్తుందట." అలాంటివి.

జనవరి 26, శుక్రవారం

ఆ విచారణాధికారి ఫోన్ చేశాడు. పోలీసు స్టేషన్లో కొన్ని సంగతులు తెలిశాయి, వచ్చే గురువారం ఒకసారి వచ్చి మాట్లాడమన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

ఫోన్ పెట్టాక అసలు సంగతి బుర్రకెక్కింది. నేను దొరికాను, సరే. ఆ రోజు నాకు పూచీ పడి తీసుకెళ్ళింది ఎవరు? చెల్లి స్నేహితురాలని పేరు పెట్టి పలకరించాడే ఆ పోలీసు! అతన్ని అడిగితే చాలు. పోలీసు స్టేషనుకు వచ్చి తల్లిని తీసుకెళ్ళిన పిల్ల, తల్లికి ఏ గొడవా లేదని ప్రభుత్వ అధికారి మొహం మీద చెప్పింది. ఇంకా ఉద్యోగంలో చేరని పిల్ల.

దేవుడా, దాని గొంతు నేనే కోశాను.

జనవరి 27, శనివారం

దానికి చెప్పాను. కూర్చోబెట్టి కాదు, నిలబడే చెప్పాను, కూర్చుంటే లేవలేననిపించింది.

"గురువారం నన్ను పిలిచారు. నువ్వు దానికంటే ముందే వెళ్ళు. వాళ్ళు నిన్ను పట్టుకోకముందే నీ అంతట నువ్వు వెళ్ళి చెప్పు."

"ఏం చెప్పను?"

"జరిగిందంతా చెప్పు."

"నువ్వు అబద్ధం చెప్పమన్నావని కూడానా?"

"అదే ముందు చెప్పు."

"నీ ఉద్యోగం పోతుందమ్మా."

"అది ఎప్పుడో పోయింది. నేనే తెలియనట్టు రోజూ వెళ్తున్నాను. డెనిస్ ముందే చెప్పింది గనక నిలబడింది. పట్టుబడ్డాక చెప్తే దానికి విలువ లేదు. నువ్వింకా పట్టుబడలేదు."

"నా పేరు పాడుచేసి ఇప్పుడు నీతులు చెప్తున్నావు," అంది. గట్టిగా కాదు. నిజమేగా.

జనవరి 31, బుధవారం

లెక్సింగ్టన్ పార్కు ఊళ్ళో విచారణాధికారి ఆఫీసుకు నేనే కారులో తీసుకెళ్ళాను. లోపలికి వస్తానంటే వద్దంది. "కారులోనే ఉండు. నీ మొహం చూస్తే చెప్పలేను."

కిటికీ అద్దం మసకబారితే తుడుస్తూ కూర్చున్నాను. గోడ అవతల నా కూతురు నా గురించి చెప్తోంది. చెప్పమన్నది నేనే అయినా, మధ్యలో ఒకసారి తలుపు తీసుకుని పరుగెత్తి ఆపేద్దామనిపించింది. ఆపలేదు. ఈ ఆరు నెలల్లో నేను చేసిన మంచి పని అదొక్కటే.

ముక్కు ఎర్రగా చేసుకుని వచ్చింది. "అయిపోయింది. అన్నీ చెప్పాను."

"అన్నీ?"

"అడిగినవన్నీ చెప్పాను," అని అటు తిరిగి బెల్టు పెట్టుకుంది.

ఫిబ్రవరి 1, గురువారం

నా వంతు అయింది. లోపల జరిగింది రాయను.

ఫిబ్రవరి 6, మంగళవారం

బ్యాడ్జి తీసుకున్నారు. పిల్కర్టన్ గారు స్వయంగా అడిగి తీసుకున్నాడు. చేయి చాపేటప్పుడు నా మొహం చూడలేదు. "ఆగస్టులో వచ్చి ఉంటే, గ్లెన్నా," అని ఆగిపోయాడు. మిగతాది చెప్పక్కర్లేదు.

నా వస్తువులు లోపలి గదిలో ఉన్నాయి. ఒంటరిగా వెళ్ళడానికి లేదు, పక్కన డెనిస్‌ను ఇచ్చారు. పైపులు బాగుచేసేవాళ్ళో, ఎయిర్ కండిషనర్ వాడో వచ్చినప్పుడు ఆ గదిలో పైన ఎర్ర దీపం వేస్తాం. అది గిర్రున తిరుగుతుంది. "బయటి మనిషి!" అని గట్టిగా కేకేస్తాం. అందరూ తెరలు ఆర్పేసి, కాగితాలు బోర్లా పెట్టి, నోళ్ళు మూసుకుంటారు. పద్దెనిమిదేళ్ళలో ఆ కేక ఎన్నిసార్లు వేశానో నాకే తెలియదు. ఒకసారి ఒక ముసలి ప్లంబరు దడుచుకుంటే నవ్వుకున్నాం కూడా.

తలుపు దగ్గర డెనిస్ ఆగింది. "నేను అరవాలి గ్లెన్నా. తప్పదు."

"అరిచెయ్."

"బయటి మనిషి!" దీపం తిరిగింది. ఒక్కొక్క తెరా ఆరిపోయింది. నా ఎదురు సీటు వాడు, పోయిన వారమే నా దగ్గర పెన్ను అడుక్కున్నవాడు, కాగితం బోర్లా తిప్పి దాని మీద చేతులు పెట్టుకున్నాడు. తప్పు లేదు, నేను నేర్పించిందే. అట్టపెట్టెలో కప్పు, స్వెటరు, షెల్బీ బడి ఫొటో వేసుకున్నాను. ఆ ఎరుపు వచ్చి వచ్చి నా చేతుల మీద పడుతూనే ఉంది. నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. ఎవ్వరూ మాట్లాడలేదు. మాట్లాడకూడదు కదా.

ఫిబ్రవరి 14, భస్మ బుధవారం

నుదుట బూడిద పెట్టించుకున్నాను. ఈస్టరుకు ముందు ఈ నలభై రోజుల తపస్సు కాలంలో ఏం మానేస్తున్నావని మెట్ల మీద ఎర్ల్ అడిగాడు. చాక్లెట్ అన్నాను.

ఏప్రిల్ 19

ఉత్తరం వచ్చింది. క్లియరెన్స్ రద్దు. తాగుడు గురించి ఒక్క పేరా. మిగతాదంతా నా అబద్ధాల గురించే.

షెల్బీది ఇంకా తేలలేదు. నాది పోతే పోయింది, దానిది రానీ ప్రభువా. కొట్లో మాంసం కోసే బల్ల దగ్గర పని దొరికింది నాకు. పర్వాలేదు.

జూన్ 4, సోమవారం

షెల్బీకి క్లియరెన్స్ వచ్చింది! పోయిన వారమే తెలిసినా, ఇవాళ అది బ్యాడ్జి మెళ్ళో వేసుకుని గుమ్మం దాటేదాకా నమ్మకం కుదర్లేదు. ముందుగా తనే వచ్చి చెప్పడం, అడిగినదానికల్లా నిజం చెప్పడం లెక్కలోకి తీసుకున్నారట. ఇప్పుడు రాయగలననుకుంటాను.

ఫిబ్రవరి ఒకటిన ఆయన నన్ను ఆ పీతల విందు గురించి అడిగాడు. రెండు బీర్లన్నాను. గొట్టంలో వచ్చిన లెక్క చదివి, "దీనికి రెండు చాలవండీ," అన్నాడు మెల్లగా. అవును, చాలవు. ఎన్నో నాకు గుర్తు లేదు. అదే నిజం.

తర్వాత, "ఇప్పుడు తాగుతున్నారా?" అని అడిగాడు.

"లేదండీ. అక్టోబరులోనే మానేశాను."

అన్నీ ఒప్పుకుందామనే వెళ్ళాను. రాత్రంతా అదే నెమరేసుకుని వెళ్ళాను. అయినా ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది, పలకరిస్తే 'బాగున్నాం' అన్నట్టు. ఆయన కలం కింద పెట్టాడు.

"నిన్న మీ అమ్మాయిని కూడా ఇదే అడిగానండీ."

అది ఏం చెప్పిందో ఆయన చెప్పలేదు. నాకు తెలుసు. 'అన్నీ చెప్పాను' అని అటు తిరిగింది అందుకు. టీ గ్లాసులో నేను పోసుకునేదేమిటో అది ఎన్నాళ్ళ నుంచి చూస్తోందో! పొద్దున పనికి వెళ్ళేముందు కూడా తాగాను. క్లాసుల నుంచి వచ్చి కూడా. ఈ పుస్తకంలో 'మానేశాను' అని రాసిన రోజున కూడా. ఎవరూ చదవని పుస్తకానికి కూడా అబద్ధం చెప్పాను నేను.

ఇంకో నిమిషం 'లేదు' అనే కూర్చుంటే ఇద్దరిలో ఒకరు అబద్ధాలకోరు అవుతారు. అప్పటికే ఒకసారి అబద్ధమాడి సరిదిద్దుకోవడానికి వచ్చిన పిల్ల. దాని మాట నమ్ముతారా, పద్దెనిమిదేళ్ళు పనిచేసిన నా మాట నమ్ముతారా? నేను గట్టిగా నిలబడితే నెగ్గేదాన్నేమో కూడా. ఆ ఆలోచన కూడా వచ్చింది, దాచను.

"మా అమ్మాయి చెప్పిందే నిజం," అన్నాను. "నేను చెప్పింది కొట్టేసి, అది రాసుకోండి."

"ఆమె ఏం చెప్పిందో మీకు తెలుసా?"

"తెలియక్కర్లేదండీ. అది చెప్పిందే నిజం."

ఆయన కొట్టేయలేదు. రెండూ ఉంచాడు, అదే పద్ధతట.

సాయంత్రం షెల్బీ అలిసిపోయి ఇంటికొచ్చింది. ఆఫీసులో ఏం చేశావని అడగకూడదు, చెప్పకూడదు కూడా. నాకు తెలుసు గనక అడగలేదు. అన్నం తిందువు గాని రమ్మన్నాను.

"నువ్వేం చేశావమ్మా ఇవాళ?" అని అదే అడిగింది.

"మధ్యాహ్నం దాకా తాగలేదు," అన్నాను. "తర్వాత తాగాను."

సంచి కింద పెట్టి, వచ్చి నా పక్కన కూర్చుంది.